జగ్గు మఫ్లరు, నీలం బొత్తాం

"ఒంటి కాలి మీద నిలబడి అల్లుతావా? నువ్వా?" అన్నయ్య పడీ పడీ నవ్వాడు.

"అవును, నేనే. నోరు మూసుకుని చూడు," అంది జగ్గు.

సాయంత్రం ఐదు దాటింది. ముందు గదిలో అమ్మ యోగా క్లాసు నడుస్తోంది. సోఫాని గోడ దాకా జరిపేసి నేలంతా మ్యాట్‌లు పరిచారు. రిటైరైన లెక్కల మాస్టారు, పక్కింటి నర్సు ఆంటీ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఒక పాదం ఎత్తి రెండో తొడకి ఆనించి, చేతులు జోడించి చెట్లలా నిలబడి ఉన్నారు. దాన్నే వృక్షాసనం అంటారు. లెక్కల మాస్టారు ఊపిరిని కూడా పైకే లెక్కపెడతారు.

గుమ్మం పక్కన మూలలో జగ్గు, అన్నయ్య గొడవ పడుతున్నారు, గుసగుసగానే. మొదలుపెట్టింది అన్నయ్యే.

"నిన్న ఈ ఆసనం వేసినప్పుడు నువ్వు గోడ మీద వేలు పెట్టావు. అమ్మ కళ్ళు మూసుకుంది కానీ నేను మూసుకోలేదు," అన్నాడు అన్నయ్య.

"నాకు గోడ అక్కర్లేదు."

"అక్కర్లేకపోతే వేలెందుకు పెట్టావే?"

దానికి జగ్గు దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు జగ్గు ఇంకాస్త పెద్ద మాట అంటుంది. అందుకే అనేసింది, ఒంటి కాలి మీద నిలబడటమే కాదు, నిలబడి మఫ్లరు కూడా అల్లుతానని.

జగ్గు అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచినప్పుడు మాత్రమే వినపడుతుంది. ఇంట్లో అందరూ జగమొండి అంటారు. పిలవడానికి పొడుగైందని అది జగ్గు అయ్యింది. పదేళ్ళు. వద్దంటే చేస్తుంది, చెయ్యమంటే ఎందుకంటుంది.

ఈ మఫ్లరు సంగతి కూడా అలాగే మొదలైంది. నాన్న బస్సు డ్రైవరు. వచ్చే సోమవారం నుంచి ఆయనకి తెల్లవారుజామున బయలుదేరే మొదటి బస్సు వేశారు. "ఆ బస్సుకి నా పక్క అద్దం ఎంత లాగినా పైదాకా మూసుకోదు. చలిగాలి సూటిగా మెడ మీదే కొడుతుంది," అన్నాడు నాన్న భోజనాల దగ్గర.

"నేను మఫ్లరు అల్లుతా," అంది జగ్గు వెంటనే.

ఆ ఇంట్లో అల్లేది అమ్మమ్మ. స్వెటర్లు, టోపీలు, మేజోళ్ళు ఏవైనా అల్లుతుంది. జగ్గుకి కిందటి సెలవుల్లో రెండు సూదులూ పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. "మొదటి వరస నేను వేసిస్తాలేవే," అంది.

"వద్దు. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒక్క కుట్టు కూడా!"

అన్నయ్య కంచంలోంచి తలెత్తాడు. "డ్రాయింగు పుస్తకం సగం, పూసల దండ సగం, డాన్సు క్లాసు పావు. ఇప్పుడు మఫ్లరు. నాన్నా, సగం మెడకే కప్పుకో."

"సోమవారానికి పూర్తి చేస్తా. చెయ్యకపోతే ఈ ఏడాదంతా నీ షూస్ నేనే పాలిష్ చేస్తా. చేస్తే నావి నువ్వు చెయ్యాలి."

"ఖాయమేనా?"

"ఖాయమే."

అన్నయ్య ఫుట్‌బాల్ ఆడతాడు. వాడి షూస్ కుక్క కూడా వాసన చూడదు.

ఇప్పుడు మఫ్లరు సగం దాటింది. ముదురు బూడిద రంగు ఊలు. జగ్గు కుడికాలు ఎత్తి ఎడమ మోకాలికి ఆనించింది. సూదులు అందుకుంది. ఒక కుట్టు, ఇంకో కుట్టు, ఇంకొకటి. ఊగింది, నిలదొక్కుకుంది. అన్నయ్య నవ్వడం ఆపేశాడు.

"చూశావా?" అంది జగ్గు.

చూసింది అన్నయ్య ఒక్కడే కాదు. రెండున్నరేళ్ళ తమ్ముడు బుడ్డోడు కూడా చూశాడు. అక్క ఏం చేస్తే వాడూ అదే చేస్తాడు. అక్క తల గోక్కుంటే గోక్కుంటాడు, అక్క అలిగితే వాడూ ఎందుకో తెలియకుండానే అలుగుతాడు. ఇప్పుడు కూడా పరుగెత్తుకొచ్చి ఒక కాలు ఎత్తేసి, ఆసరా కోసం అక్క పైజమా పట్టుకుని వేలాడాడు.

ఇద్దరూ దబ్బున పడ్డారు. సూది ఒకవైపు, మఫ్లరు ఒకవైపు.

అమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏమైంది?"

"ఏం కాలేదు!"

"అల్లేటప్పుడు కూర్చుని అల్లు తల్లీ," అని అమ్మ మళ్ళీ కన్ను మూసుకుంది. అన్నయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందా మీదా పడుతున్నాడు.

జగ్గు మఫ్లరు తీసుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సూదిలోంచి ఊడిపోయిన కుట్లని ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కించింది. లెక్కపెట్టింది. ముప్పై ఉండాలి. ఇరవై తొమ్మిదే ఉన్నాయి.

ముప్పయ్యోది కింది వరసలో ఉంది. చిన్న నోరు తెరుచుకుని ఆమెవైపే చూస్తోంది.

జారిన కుట్టుని క్రోషే కొక్కెంతో పైకి లాగుతారని జగ్గుకి తెలుసు. అమ్మమ్మ లాగుతుంటే చూసింది. ఎలా లాగాలో మాత్రం తెలియదు. అడిగితే అమ్మమ్మ చెబుతుంది. కానీ అమ్మమ్మ పక్క గదిలో ఉంది. అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు. 'కుట్టు జారిందా? అప్పుడేనా?' అని వాడు అనకముందే జగ్గుకి వినపడిపోయింది.

"నేనెందుకు అడుగుతాను?" అంది పైకే.

వరస చివరికి వెళ్ళి ఊలుని సూది చుట్టూ ఒక చుట్టు అదనంగా తిప్పింది. కొత్త కుట్టు వచ్చింది. ముప్పై అయ్యాయి.

క్లాసు అయ్యాక లెక్కల మాస్టారు చెప్పులు వేసుకుంటూ పలకరించారు. "ఎన్ని కుట్లమ్మా నీ మఫ్లరుకి?"

"ముప్పై అండీ."

"లెక్క తప్పలేదు కదా?"

"లేదండీ."

"శభాష్! లెక్క సరిపోతే అన్నీ సరిపోయినట్టే," అని ఆయన వెళ్ళిపోయారు.

అన్నీ సరిపోలేదు. మర్నాటికి మఫ్లరు పొడుగైంది, బరువైంది. ఆ బరువుకి జారిన కుట్టు ఇంకాస్త సాగింది. జగ్గు చిటికెన వేలు అందులో పట్టింది. తర్వాత చూపుడు వేలు కూడా పట్టింది.

జగ్గు అమ్మమ్మ బొత్తాల డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. అందులో అన్నిటికంటే పెద్దది, నీలం బొత్తాం ఏరింది. మంచం అంచు పట్టుకుని బుడ్డోడు చూస్తుండగా, సరిగ్గా కన్నం మీద పెట్టి గట్టిగా కుట్టేసింది.

"ఇదేంటే?" అన్నాడు అన్నయ్య.

"డిజైన్."

"మఫ్లరుకి బొత్తామేంటి?"

"అందుకే దాన్ని డిజైన్ అంటారు. నీకు తెలీదులే."

"బాగుందే! కొత్తగా ఉంది," అంది అమ్మ. బుడ్డోడు వచ్చి బొత్తాన్ని వేలితో నొక్కి చూశాడు. "డిజైన్!" అన్నాడు. ఆ మాట వాడికి తెగ నచ్చింది. ఆ రోజంతా తలుపు గడియని, నాన్న యూనిఫాం బొత్తాలని, అన్నయ్య మోచేతి మీద పుండుని నొక్కుతూ "డిజైన్, డిజైన్" అంటూ తిరిగాడు.

అమ్మమ్మ మఫ్లరుని ఒళ్ళో పరుచుకుంది. సూది మీద కుట్లు లెక్కపెట్టింది. అంచులు తడిమింది. బొత్తాం దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి మనవరాలిని ఒకసారి చూసింది.

"ఊఁ," అంది. మఫ్లరు వెనక్కి ఇచ్చేసి తన స్వెటరు తను అల్లుకోసాగింది.

ఆ 'ఊఁ' జగ్గుకి నచ్చలేదు. అయినా తల ఎగరేసి వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రానికి ఇక చివరి వరస కుట్లు ఊడకుండా మూయడమే మిగిలింది. జగ్గు తన స్కూలు షూస్ తీసుకెళ్ళి అన్నయ్య ముందు పెట్టింది. స్కూలు నుంచి వచ్చే దారిలో ఎక్కడ బురద కనిపిస్తే అక్కడ తొక్కి మరీ వచ్చింది.

"సోమవారం పొద్దున్నకి తళతళలాడాలి," అంది.

అన్నయ్య మొహం చూడాలి అప్పుడు! జగ్గు చాలాసేపు చూసింది. కానీ అనుకున్నంత సంతోషం రాలేదు. ఎందుకో చెయ్యి మాటిమాటికీ బొత్తాం మీదికే పోతోంది.

ఆదివారం పొద్దున్న క్లాసు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళని పలకరిస్తోంది. అమ్మమ్మ తన కుర్చీలో, జగ్గు సోఫా మీద, ఇద్దరి చేతుల్లోనూ అల్లికే. అన్నయ్య కాళ్ళు చాపుకుని పేపరు బొమ్మలు చూస్తున్నాడు. నాన్న డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. బుడ్డోడు పాల గ్లాసు పట్టుకుని ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. వాడిని ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ వచ్చి తన మ్యాట్ మీద నిలబడింది. "అందరూ నిటారుగా. కుడి పాదం నెమ్మదిగా పైకి."

అమ్మ పాదం పైకి లేచింది. మ్యాట్ సర్రుమని ముందుకు జారింది. అమ్మ ధబ్ మని కింద కూలబడింది.

"అమ్మా!" అని అన్నయ్య, జగ్గు ఒకేసారి లేచారు. నర్సు ఆంటీ పరుగున వచ్చి అమ్మ మడమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎముకకేం కాలేదండీ. కాస్త బెణికింది. రెండు రోజులు చెట్టులా కాదు, బండలా కూర్చోండి."

లెక్కల మాస్టారు మాత్రం ఇంకా ఒంటి కాలి మీదే ఉన్నారు. మొదలుపెట్టిన లెక్క మధ్యలో వదలడం ఆయనకి చేతకాదు.

అన్నయ్య మ్యాట్ ఎత్తాడు. దాని కింద నేలంతా పాలు.

"ఎవరు పోశారు ఇవి?" అంది అమ్మ. "పోస్తే పోశారు. మ్యాట్ ఎవరు కప్పారు?"

బుడ్డోడు ముందుకొచ్చాడు. ఖాళీ గ్లాసు వాడి చంకలో ఉంది. మ్యాట్‌ని అరచేత్తో రెండుసార్లు తట్టి, గొప్పగా అందరి మొహాలూ చూశాడు.

"డిజైన్!" అన్నాడు.

గదంతా నవ్వులే. అమ్మ కూడా మడమ పట్టుకునే నవ్వింది. "ఓరి భడవా! ఇలా కప్పెట్టడం ఎవరు నేర్పార్రా నీకు?"

బుడ్డోడు ఆలోచించనే లేదు. చెయ్యి మొత్తం చాపి చూపించాడు.

"అక్క."

అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళకేమీ అర్థం కాలేదు. జగ్గు ఒక్కతే నవ్వలేదు. చెవులు వేడెక్కిపోయాయి. అమ్మమ్మ సూదుల చప్పుడు ఆగిపోయిందని కూడా ఆమెకి ఒక్కదానికే వినపడింది.

ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చుంటే సరిపోయేది. చివరి వరసలో సగం మూయడమే మిగిలింది. సాయంత్రానికి మఫ్లరు నాన్న మెడలో ఉంటుంది, రేపు పొద్దున్న అన్నయ్య చేతిలో తన షూస్ ఉంటాయి.

జగ్గు వెళ్ళి అమ్మమ్మ బుట్టలోంచి చిన్న కత్తెర తీసింది. బొత్తాం కింద దారం కట్ చేసింది. బొత్తాం దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. మఫ్లరుని రెండు చేతులతో పట్టుకుని లాగింది. కన్నం నోరు తెరిచింది. జారిన కుట్టు కిందికి, ఇంకా కిందికి, నిచ్చెన మెట్లలా విడిపోతూ పోయింది.

నవ్వులు ఆగిపోయాయి.

"అంటే జారిందా?" అన్నాడు అన్నయ్య. "ఎప్పుడు?"

"గురువారం. నువ్వు నవ్వినప్పుడు." జగ్గు ఆగింది. "కాదు. నేను పడినప్పుడు."

అమ్మ అమ్మమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నీకు తెలుసా ఇది?"

"బొత్తాం కింద ఏముంటుందో ఇన్నేళ్ళు అల్లినదానికి తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"చెయ్యి పెట్టొద్దంది కదా నీ కూతురు. నోరు కూడా మెదపలేదు నేను," అంది అమ్మమ్మ. తర్వాత చెయ్యి చాపింది. "ఇటివ్వవే. వెనక నుంచి దారంతో బిగించేస్తాను. మళ్ళీ బొత్తాం పెట్టేద్దాం. ఎవరికీ కనపడదు."

"అవును, అమ్మమ్మకిచ్చెయ్," అంది అమ్మ. "నాన్నకి రేపే కావాలి కదా. చిన్నపిల్లవి, ఈ మాత్రం అల్లావు, చాలదూ?"

"వద్దు."

"ఎవరికీ కనపడదంటే వినవేంటే?"

"వాడికి కనపడుతుంది," అంది జగ్గు.

బుడ్డోడు నేల మీద బోర్లా పడుకుని మ్యాట్ అంచు ఎత్తి, కింద పాలు ఇంకా ఉన్నాయో లేవోనని తొంగి చూస్తున్నాడు.

జగ్గు సోఫా మీద కూర్చుని సూది లాగేసింది. ఊలు కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. సర్, సర్, సర్. ఒక్కో వరస విడిపోతుంటే ఒక్కో సాయంత్రం ఊడిపోతున్నట్టుంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. వాటి మీద కూడా కోపం వచ్చింది. మోచేత్తో తుడిచేసి ఇంకా గట్టిగా లాగింది. ఉంగరాల జుట్టులాంటి ఊలు ఒళ్ళో గుట్టగా పడింది. నిచ్చెన ఎక్కడ ఆగిందో అక్కడిదాకా విప్పింది. మిగిలిన ముక్క నాన్న మెడకి కాదు కదా, బుడ్డోడి మెడకి కూడా చాలదు.

అప్పుడు నాన్న లోపలికి వచ్చాడు. గది మధ్యలో పాలు, బండలా కూర్చున్న అమ్మ, ఊలు గుట్టలో కూతురు. అందరినీ ఒకసారి చూశాడు.

"అది నా మఫ్లరేనా?"

"అవును. రేపటికి లేదు," అంది జగ్గు.

"మరి రేపు నేనేం కట్టుకోవాలి?"

"టవల్ కట్టుకో."

నాన్న అమ్మ మొహం చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది, ఇప్పుడేం అడక్కండి అన్నట్టు. "సరే. టవలంటే టవలే," అన్నాడు నాన్న.

జగ్గు వంటింట్లోంచి తుడిచే గుడ్డ తెచ్చి ఒక కొస బుడ్డోడి చేతికిచ్చింది. "పట్టు. పోసింది నువ్వు, తుడిచేది నువ్వు. నేను ఈ కొస పడతా." ఇద్దరూ చెరో కొస పట్టుకుని తుడిచారు. మొదట పాలు ఇంకాస్త దూరం పాకాయి. మళ్ళీ తుడిచారు.

సోమవారం ఇంకా చీకటిగానే ఉండగా నాన్న బయలుదేరాడు. జగ్గు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అద్దం వైపు రెండు మడతలు వెయ్యి. అక్కడే కదా గాలి కొట్టేది," అంది.

నాన్న మెట్ల మీద ఆగి, టవల్ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు, అద్దం వైపు రెండు మడతలు వచ్చేలా. "ఇప్పుడు బాగుందా?"

"బాలేదు. మఫ్లరైతే బాగుంటుంది. అల్లుతా."

అన్నయ్య నిద్ర లేచి వచ్చేసరికి జగ్గు మెట్ల మీద కూర్చుని వాడి షూస్ పాలిష్ చేస్తోంది. ముక్కుకి రుమాలు కట్టుకుంది. పక్కనే బుడ్డోడు, వాడి ముక్కుకి కూడా ఏదో గుడ్డ ఉంది.

"ఇటివ్వవే, నేను చేసుకుంటాలే," అన్నాడు అన్నయ్య.

"ముట్టుకోకు."

"అది కాదే. అసలు నువ్వు గెలిచేశావు తెలుసా? ఊరుకుని ఉంటే ఇప్పుడు నీవి నేను పాలిష్ చేస్తూ ఉండేవాడిని."

"గెలిచింది బొత్తాం. నేను కాదు. పందెం నాతో వేశావు, దాంతో కాదు."

అన్నయ్య లోపలికి వెళ్ళాడు. ఒక పాత బ్రష్షు తెచ్చాడు. జగ్గు పక్కనే కూర్చుని అడుగున అంటుకున్న మట్టి గీకడం మొదలుపెట్టాడు.

"పాలిష్ నాది," అంది జగ్గు.

"నేను మట్టే గీకుతున్నా. మట్టి పందెంలో లేదు."

జగ్గు ఆలోచించింది. నిజమే, మట్టి పందెంలో లేదు. ఊరుకుంది.

ఆ వారం మళ్ళీ క్లాసు రోజు వచ్చింది. అమ్మ కుర్చీలో కూర్చునే ఆసనాలు చెబుతోంది. జగ్గు గుమ్మం పక్కన మూలలో నేల మీద బాసింపట్టు వేసుకుని అల్లుతోంది. బుడ్డోడు పక్కనే, వాడు కూడా బాసింపట్టే, చేతుల్లో రెండు చెంచాలు. అన్నయ్య గోడకి ఆనుకుని హోంవర్కు చేస్తున్నాడు.

మఫ్లరు మళ్ళీ సగానికి వస్తోంది. జగ్గు సూది మార్చుకుంటుంటే బుడ్డోడి చెంచా తగిలింది. ఒక కుట్టు టపుక్కున జారింది.

జగ్గు చేతులు ఆగిపోయాయి. కింది వరసలో చిన్న నోరు తెరుచుకుంది. వరస చివర చూసింది. ఒక చుట్టు తిప్పితే చాలు. అన్నయ్య చూడటం లేదు. బుడ్డోడు మాత్రం చెంచాలు ఆపేసి, నోరు తెరుచుకుని అక్క చేతులే చూస్తున్నాడు.

"అమ్మమ్మా!" అని గట్టిగా అరిచింది జగ్గు. గదిలో ఉన్న చెట్లన్నీ ఊగాయి. లెక్కల మాస్టారికి ఊపిరి లెక్క తప్పింది. అన్నయ్య పుస్తకంలోంచి తలెత్తాడు.

"కుట్టు జారింది!"

"వస్తున్నానే, ఉండు," అని లోపలినుంచి అమ్మమ్మ క్రోషే కొక్కెం పట్టుకుని వచ్చింది.

జగ్గు ఆ కొక్కెం లాక్కుంది. "నువ్వు చెయ్యి పెట్టకు. ఎలా లాగాలో నోటితో చెప్పు చాలు."

అమ్మమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. బుడ్డోడు చెంచాలు కింద పెట్టేసి, తన చేతులు కూడా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"చెబుతాను, విను," అంది అమ్మమ్మ. "ముందు ఆ జారినదాన్ని ముందు వైపు నుంచి పట్టుకో. గుంజకు. అది ఎక్కడికీ పోదు."